ఇసుక తీసేసిన రీఫ్ ట్యాంకు: హన్మకొండలో ఒక కేసు, పదకొండు నెలల లెక్క

ఫోన్ చేసింది కొడుకు, అమెరికా నుంచి. "అన్నా, ట్యాంకు పోయేటట్టుంది. నాన్న రోజూ ఫొటోలు పెడుతుండు. ఒకసారి పోయి చూడవా?" అన్నాడు. ట్యాంకు అంటే రీఫ్ ట్యాంకు, ఉప్పు నీళ్లలో పగడాలు, చేపలు పెంచే తొట్టి. పెట్టింది అతనే. మూడున్నరేళ్ల కిందట హాల్లో టీవీ పక్కన నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు గాజు తొట్టి పెట్టి, కింద క్యాబినెట్‌లో సంప్ (ఫిల్టర్లు ఉండే రెండో తొట్టి) అమర్చి, ఏడాదిన్నర చక్కగా చూసుకుని, ఉద్యోగం రాగానే వెళ్లిపోయాడు. మిగిలింది అమ్మానాన్న. తండ్రి కాజీపేటలో లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యారు. మనిషి లెక్క పక్కా. ఉదయం, సాయంత్రం టెంపరేచర్, ఉప్పు శాతం నోటుబుక్కులో రాసి పెట్టారు. నీళ్లలో ఏం జరుగుతోందో చెప్పే నైట్రేట్, ఫాస్ఫేట్ మాత్రం రాయలేదు. మేత, రెట్ట కుళ్లితే పెరిగి, నాచుకు ఎరువయ్యేవి అవే. ఆ టెస్టులు చేయాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

2023 ఫిబ్రవరి మొదటి ఆదివారం వెళ్లాను. రాళ్లన్నిటి మీదా పచ్చటి వెంట్రుకల నాచు. ఇసుక మీద ఎర్రటి జిగురు దుప్పటిలా పరుచుకుని ఉంది, అది సయనోబాక్టీరియా. జోయాంథిడ్లు, అంటే బొత్తాల్లా గుంపుగా పెరిగే మెత్తటి పగడాలు, సగం మూసుకుని ఉన్నాయి. తోలు పగడం, అంటే లెదర్ కోరల్, పది రోజులుగా ఒక్క పాలిప్ (పగడం మీద రోమంలా లేచే చిన్న జీవి) కూడా బయటపెట్టలేదట. చేపలు మాత్రం హాయిగా ఉన్నాయి: రెండు క్లౌన్లు, మూడు నీలం డామ్సెల్స్, ఒక బ్లెన్నీ, ఒక పసుపు హాలికోరిస్ రాస్. చేపలు బాగున్నాయంటే ట్యాంకు బాగున్నట్టు కాదు. ఈ చేపలు తట్టుకునే నీళ్లలో పగడాలు తట్టుకోవు.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ ట్యాంకులో ఉన్నవన్నీ సాఫ్ట్ కోరల్సే, అంటే రాతి ఎముక లేని మెత్తటి పగడాలే: జోయాంథిడ్లు, మష్రూమ్‌లు, ఒక పెద్ద లెదర్, కొంచెం జీనియా. రాళ్లు మనుషులు చేసిన సిరామిక్ రాళ్లు. రాతి పగడాలు మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులి ఉన్న షెడ్యూల్‌లోనే. సముద్రం నుంచి తెచ్చిన రాతి పగడం ఉన్న ట్యాంకును నేను ముట్టుకోను. కాబట్టి ఇక్కడ చెప్పే ఫ్లో, అంటే నీటి ప్రవాహం, లెక్కలన్నీ సాఫ్ట్ కోరల్స్‌కు సంబంధించినవే.

టెస్ట్ కిట్లు తీశాను. నైట్రేట్ 80 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 80. ఫాస్ఫేట్ 0.6. నా ట్యాంకుల్లో నైట్రేట్‌ను 5, 10 మధ్య, ఫాస్ఫేట్‌ను 0.05, 0.1 మధ్య ఉంచుతాను. ఉప్పు 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లలో 35, అది సరిగ్గా ఉంది, సార్ (తండ్రిని నేను అలాగే పిలుస్తాను) నోటుబుక్కు పుణ్యం. ఆల్కలినిటీ, అంటే పీహెచ్‌ను నిలకడగా పట్టి ఉంచే గుణం, 7.1. తర్వాత ఆరు మిల్లీమీటర్ల ట్యూబు ఒకటి ఇసుకలోకి గుచ్చి కొంచెం నీళ్లు గ్లాసులోకి లాగాను. నల్లగా వచ్చింది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన. సార్‌కు కూడా చూపించాను. ఆయన తల వెనక్కి తిప్పుకుని, "ఇన్ని రోజులు గిది హాల్ల వెట్టుకున్నమా తమ్మీ?" అన్నారు.

ఇసుక ఏడు సెంటీమీటర్ల మందం ఉంది. ఇదే మధ్యస్థంగా ఉండి చెడగొట్టే లోతు. రెండు మూడు సెంటీమీటర్లుంటే వారం వారం గొట్టంతో మురికి లాగేయొచ్చు. పది పన్నెండు దాటి, సన్నటి ఇసుకై ఉంటే, అడుగున ఆక్సిజన్ లేని చోట బాక్టీరియా నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలోకి వదిలేసే పని చేస్తుంది. ఏడు సెంటీమీటర్ల గరుకు కోరల్ సాండ్ ఈ రెండింట్లో ఏ పనీ చేయదు. మేత, రెట్ట, చచ్చిన నాచు అన్నీ గింజల మధ్యకు దిగిపోయి, అక్కడే కుళ్లుతూ, రోజూ కొంచెం కొంచెంగా నీళ్లలోకి వదులుతుంటాయి. పైనుంచి చూస్తే ఇసుక తెల్లగానే ఉంటుంది.

ఇసుక ఒక్కటే దోషి అనుకుంటే కేసు తేలికగా ముగిసేది. వంటింట్లోకి వెళ్లి నీళ్లు ఎక్కడివని అడిగాను. ఇంటి ఆర్.ఓ. ఫిల్టర్ నుంచే పట్టి ట్యాంకులో పోస్తున్నారు. టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం) మీటరు పెడితే 90 చూపించింది. బోరు నీళ్లు 640. ఆర్.ఓ. మెంబ్రేన్ బాగుంటే ఇరవై ముప్పై రావాలి. మూత తీసి చూస్తే టీడీఎస్ కంట్రోలర్ తెరిచి ఉంది. తాగే నీళ్లు చప్పగా ఉండొద్దని కొంచెం బోరు నీటిని ఫిల్టర్ కాకుండానే కలిపే చిన్న వాల్వు అది. మనుషులకు మంచిదే. బోరు నీటిలో నైట్రేట్ కొలిస్తే 50 వచ్చింది. రోజుకు ఐదు లీటర్లు ఆవిరవుతుంటే ఆ ఐదు లీటర్లతో పాటు నైట్రేట్ కూడా ట్యాంకులోకి పోతోంది. ఆవిరయ్యేది ఉత్త నీరే, నైట్రేట్ అక్కడే ఉండిపోతుంది. ట్యాంకు, సంప్ కలిపి 440 లీటర్లకు లెక్క వేస్తే నెలకు రెండు పీపీఎం పైనే. చిన్న అంకె, కానీ ఏడాదికి ఇరవై ఐదు దాటుతుంది.

మేత సంగతి అమ్మగారిని అడిగాను. "గింతే ఏస్త బిడ్డా, చిటికెడు" అన్నారు. వేసి చూపించమన్నాను. చిటికెడు నిజంగా చిటికెడే. కానీ పొద్దున ఒకటి, మధ్యాహ్నం వీళ్లు అన్నం తినేటప్పుడు ఒకటి, సాయంత్రం చాయ్‌తో ఒకటి, రాత్రి టీవీ చూస్తూ మరొకటి. చేపలు ఆమెను చూడగానే అద్దం దగ్గరికి వచ్చేస్తాయి. ఎవరికి మనసొప్పుతుంది వేయకుండా ఉండటానికి?

నాలుగోది ఫ్లో. అసలు కేసు ఇదే అనుకుంటున్నాను.

కాగితం మీద ఫ్లోకు లోటు లేదు. గంటకు నాలుగు వేల లీటర్ల వేవ్‌మేకర్లు, అంటే తొట్టి లోపల ధార ఊదే పంపులు, రెండున్నాయి. తొట్టిలో నీరు సుమారు 360 లీటర్లు. అంటే గంటకు ఇరవై రెండు సార్లు నీరంతా తిరిగినట్టు. సాఫ్ట్ కోరల్స్‌కు పది నుంచి ఇరవై సార్లు చాలు. కానీ రెండు పంపులూ ఎదురెదురు అద్దాలకు, సరిగ్గా మధ్య ఎత్తులో, ఒకదాన్నొకటి చూస్తూ ఉన్నాయి. రెండు ధారలూ మధ్యలో ఢీకొని పైకి లేచిపోతున్నాయి. రాళ్లేమో వెనక అద్దానికి ఆనించి గోడలా పేర్చారు. ఆ గోడ వెనక నీరు కదలదు.

ఫ్లోను కంటితో చూడటానికి నేను వాడేది ఫ్లేక్ మేత. వేళ్లతో పొడి చేసి నాలుగైదు చోట్ల వదిలి, గదిలో లైట్లు ఆపి, పక్క అద్దం నుంచి ఫోన్ టార్చ్ వేస్తాను. ఒక్కో పలుకు ఎటు పోతుంది, ఎక్కడ ఆగుతుంది, ఎంతసేపటికి ఆగుతుంది అన్నది కనిపిస్తుంది. సార్ ఒక కాగితం తెచ్చి పైనుంచి చూసినట్టు తొట్టి బొమ్మ గీసి, పలుకులు ఆగిన చోటల్లా గుణకారం గుర్తు పెట్టారు. పది నిమిషాల్లో పదకొండు గుర్తులు. రాళ్ల వెనక తొమ్మిది, మధ్యలో రెండు. బొమ్మ చూసి, "గివన్నీ డెడ్ ఎండ్ లైన్లు తమ్మీ. బండి వోతది గని మళ్ల రాదు" అన్నారు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

అప్పటికి నిర్ణయం తేలిపోయింది. ఇసుక మొత్తం తీసేద్దాం. రాళ్లు అడుగు నుంచి పైకి లేపి రెండు దీవులుగా పెడదాం. కొత్త పంపులేవీ వద్దు, ఉన్నవాటినే తిప్పుదాం. అమ్మగారికి ఒకటే దిగులు: ఇసుక తీస్తే పసుపు చేప ఎక్కడ పండుకుంటది? ఆమె అడిగింది సరైన ప్రశ్నే. హాలికోరిస్ రాస్ రాత్రి కాగానే ఇసుకలో దూరి పడుకుంటుంది, ఇసుక లేకపోతే బెదిరిపోయి అద్దాలకు కొట్టుకుంటుంది. గిన్నెలో ఇసుక పోసి పెడితే సరిపోతుందని కొందరంటారు. నాకు నమ్మకం లేదు. కరీంనగర్‌లో ఇసుక ట్యాంకున్న ఒక మిత్రుడికి ఇచ్చేశాం. అమ్మగారు కవరు కట్టేదాకా పక్కనే నిలబడ్డారు.

ఇసుకను ఒక్క రోజులో తీయకూడదు. అందులో ఉన్నది మురికి మాత్రమే కాదు, అమ్మోనియాను తినే బాక్టీరియాలో కొంత భాగం కూడా అందులోనే ఉంటుంది. పైగా కెలికితే అడుగున ఉన్న హైడ్రోజన్ సల్ఫైడ్ ఒక్కసారిగా నీళ్లలో కలుస్తుంది, చేపలు గంటల్లో పోతాయి. అందుకని వారానికి ఐదో వంతు. పంపులన్నీ ఆపి, ఇరవై ఐదు మిల్లీమీటర్ల గొట్టంతో ఇసుకనూ నీళ్లనూ కలిపి బకెట్‌లోకి లాగాను. గొట్టం మొన ఇసుక మీద ఆనించి నిదానంగా జరిపితే నల్లది గొట్టంలోకే పోతుంది, నీళ్లలోకి లేవదు. వారానికి తొంభై లీటర్ల నీరు, దాంతో పాటు పది లీటర్ల ఇసుక. ఆ తొంభై లీటర్లకు కొత్త ఉప్పు నీరు ముందు రోజే కలిపి, పంపు పెట్టి తిప్పి ఉంచాం. లీటరుకు ముప్పై ఐదు ముప్పై ఆరు గ్రాముల లెక్కన ఒక్కో వారం మూడు కిలోల పైనే ఉప్పు. ఆర్.ఓ. తర్వాత డీ.ఐ. రెసిన్ గొట్టం (మిగిలిన లవణాలను కూడా పట్టేసేది) పెట్టించాక టీడీఎస్ మీటరు సున్నా చూపించింది. వంటింటి ఫిల్టర్ జోలికి పోలేదు.

మూడో వారం మర్నాడు అమ్మోనియా 0.25 వచ్చింది. నాలుగో వారం ఇసుక ముట్టుకోకుండా ఆగాను. సున్నా అయ్యాకే మళ్లీ మొదలు. మార్చి 19న చివరి బకెట్ బయటికి వచ్చింది.

రాళ్ల కింద ఇసుక తీసేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. ఇసుక మీద నిలబడ్డ రాయి, ఇసుక జారగానే ఒరిగి అద్దం మీద పడుతుంది. అందుకే ఏ వారం ఏ రాయి కింద తీస్తామో ఆ రాయిని ముందే పైకి తీసి, బకెట్‌లో ఉప్పు నీళ్లలో ఉంచాను. మళ్లీ పెట్టేటప్పుడు ఒక్కో దీవి కింద మూడేసి పీవీసీ పైపు ముక్కలు, మూడు సెంటీమీటర్ల ఎత్తు కోసి, కాళ్లలా అతికించాను. కాళ్లు ఆనే చోట అడుగు గాజు మీద చిన్న అక్రిలిక్ ముక్కలు. ఇప్పుడు రాళ్ల కింద చేతి వేళ్లు దూరతాయి. వెనక అద్దానికి నాలుగు వేళ్ల సందు వదిలాను.

పంపులు ఇలా పెట్టాను. మొదటిది ఎడమ అద్దానికి, పైన, నీటి మట్టానికి ఒక జానెడు కింద. అది కుడి వైపు ఊదుతుంది. ధార పైపైన పోయి కుడి అద్దాన్ని తాకి కిందికి దిగుతుంది. రెండోది కుడి వెనక మూలలో, అడుగుకు దగ్గరగా, రాళ్ల వెనక సందులో నుంచి ఎడమ వైపు ఊదుతుంది. కిందికి దిగిన నీటిని ఇది అందుకుని అడుగు పొడవునా ఎడమకు తోస్తుంది. ఎడమ చివర నీరు మళ్లీ పైకి లేస్తుంది. సంప్‌లోకి దిగే ఓవర్‌ఫ్లో ఉన్నది సరిగ్గా ఆ ఎడమ వెనక మూలలోనే. అంటే తొట్టి మొత్తం నిలువుగా తిరిగే ఒక చక్రం. తేలిక మురికి నీటితో లేచి ఓవర్‌ఫ్లోలోకి, అక్కడి నుంచి ఫిల్టర్ సాక్ అనే వడపోత సంచిలోకి పోతుంది. బరువు మురికి ఎడమ ముందు మూలలో పోగవుతుంది. పంపులు అవే, లీటర్లు అవే. మళ్లీ ఫ్లేక్ పొడి చల్లి, సార్ మళ్లీ బొమ్మ గీస్తే గుణకారం గుర్తులు మూడు. అందులో రెండు మనం అనుకున్న మూలలోనే.

బేర్ బాటమ్, అంటే ఇసుక లేని అడుగు, పెట్టాలనుకునే వాళ్లతో నేను ఎక్కువ వాదించేది ఇక్కడే. ఇసుక లేకపోతే మురికి ఉండదనుకుంటారు. మురికి అంతే ఉంటుంది. తేడా ఏమిటంటే ఇప్పుడు అది కనిపిస్తుంది, కదులుతుంది. అది వచ్చి చేరే మూల ఒకటి ముందే నిర్ణయించి, ఆ మూల నుంచి వారానికి రెండుసార్లు బయటికి తీసే మనిషి ఉంటేనే ఈ పద్ధతి. ఆ మనిషి లేకపోతే పలుచగా ఇసుక పరుచుకోవడం మేలు, కనీసం చూడ్డానికైనా బాగుంటుంది.

మొదటి రోజుల్లో చూడ్డానికి బాగాలేదన్నది నిజమే. కింద పరిచిన నల్ల ఫోమ్ షీట్ వల్ల అడుగు అద్దంలా మెరిసింది. పెద్ద క్లౌన్ అందులో తన నీడనే చూసుకుని వేరే చేప అనుకుని వారం రోజులు దానితో కొట్లాడింది. సన్నటి పొర పట్టాక మానేసింది. లెదర్ కోరల్ మీదికి ఇప్పుడు ధార నేరుగా కాక అలలా వస్తోంది. నాలుగో రోజు దాని పైన మైనం లాంటి పొర ముక్కలు ముక్కలుగా ఊడటం మొదలైంది. సార్ రాత్రి పదకొండుకు ఫోన్ చేశారు, "తోలు ఊడుతున్నది" అని. ఊడనివ్వండి సార్, అది కుబుసం విడిచినట్టే అన్నాను. లెదర్ అప్పుడప్పుడు అలా పొర వదులుతుంది, దాన్ని కడిగేసే ధార లేకనే ఇన్నాళ్లు ముడుచుకుని ఉంది. వారానికి పాలిప్‌లు ముంజేతి మీద రోమాల్లా నిలబడ్డాయి. మష్రూమ్‌లకు మాత్రం ఈ ఫ్లో ఎక్కువైంది, అంచులు లోపలికి ముడుచుకున్నాయి. వాటిని కుడి దీవి నీడకు మార్చాను.

ఇక నేను చేసిన తప్పు.

మార్చి చివరికి నైట్రేట్ 25కు దిగింది. అంతా బాగా పోతోందన్న ఊపులో మూడు పనులు ఒకే వారంలో చేశాను. ఫాస్ఫేట్‌ను లాగేసే జీఎఫ్ఓ మీడియా (ఐరన్ ఆక్సైడ్ గుళికలు) డబ్బా మీద రాసినంత మొత్తం పెట్టాను. నైట్రేట్ తగ్గించే బాక్టీరియాకు ఆహారంగా తెల్ల వెనిగర్ మొదలుపెట్టాను. అమ్మగారికి మేత నాలుగు పూటల నుంచి ఒక్క పూటకు తగ్గించాలని గట్టిగా చెప్పాను. రాళ్లు సిరామిక్‌వి, లోపల పట్టుకుని నెమ్మదిగా వదిలే ఫాస్ఫేట్ వాటిలో అంతగా లేదు. ఉన్నదంతా ఇసుకతోనే పోయింది. ఆ సంగతి నాకు తట్టలేదు. ఏప్రిల్ మూడో వారానికి నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా. నాచు మాయం. నేను ఫొటోలు కూడా తీసుకున్నాను.

ఐదు రోజులకు అడుగు గాజు మీద గోధుమ రంగు చీమిడి లాంటి తీగలు, వాటి చివర గాలి బుడగలు. రాత్రికి పోతాయి, లైటు వేసిన రెండు గంటలకు మళ్లీ వస్తాయి. నత్తలు పట్టు వదిలి వెల్లకిలా పడసాగాయి. అడిగి ఒక కాలేజీ ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను. నువ్వు గింజ ఆకారం, ఒక చివర సన్నగా. గుంజకు కట్టేసిన దూడలా ఒక్కచోటే గుండ్రంగా తిరుగుతున్నాయి. ఆస్ట్రియాప్సిస్ అనే డైనోఫ్లాజెలేట్. పోషకాలు అడుగంటి, వేరే నాచు, బాక్టీరియా పోటీకి లేనప్పుడు ఇది రాజ్యమేలుతుంది. విషం కూడా వదులుతుంది.

సార్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. "అన్ని బ్రేకులు ఒక్కపారే ఏసినవ్ తమ్మీ. చక్రాలు జారవా?" అన్నారు. కోపంగా అనలేదు, అందుకే ఎక్కువ తగిలింది.

జీఎఫ్ఓ తీసేశాను. వెనిగర్ ఆపేశాను. అమ్మగారికి మళ్లీ రెండు పూటలు వేయమన్నాను, ఆ రోజు ఆమె ముఖం చూడాలి. నైట్రేట్ పెంచడానికి కెమికల్స్ షాపు నుంచి ల్యాబ్ గ్రేడ్ సోడియం నైట్రేట్ తెచ్చాను. 440 లీటర్లలో ఒక పీపీఎం పెరగాలంటే 0.6 గ్రాము చాలు. రోజుకు ఒక పీపీఎం చొప్పున ఐదు దాకా తీసుకెళ్లి అక్కడ నిలిపాను. ఆస్ట్రియాప్సిస్ రాత్రి నీళ్లలోకి లేస్తుంది కాబట్టి దాని మీద యూవీ పనిచేస్తుంది. 36 వాట్ల యూవీ గొట్టాన్ని సంప్‌కు కాకుండా నేరుగా తొట్టికి కలిపి, నీరు నిదానంగా పోయేలా పెట్టి, రాత్రింబవళ్లు నడిపాం. విషాన్ని పీల్చేయడానికి యాక్టివేటెడ్ కార్బన్. నీళ్లు మార్చడం పూర్తిగా ఆపేశాం, మారిస్తే పోషకాలు మళ్లీ పడిపోతాయి. బదులుగా చీమిడిని సన్నటి సాక్ గుండా లాగి, అదే నీటిని మళ్లీ పోశాం, చేతులకు గ్లవ్స్ వేసుకుని. అడుగు బేర్ గాజు కావడం ఇక్కడ కలిసొచ్చింది. ఇసుకే ఉంటే సగం దానిలోనే మిగిలేది. తేరుకోవడానికి ఐదు వారాలు పట్టింది. పన్నెండు నత్తల్లో నాలుగు పోయాయి. జీనియా మొత్తం కరిగిపోయింది. ఆ ఖర్చు నేనే పెట్టుకున్నాను.

మే నెల ఎండల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. మన దగ్గర ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి, నీటి మీదికి పెట్టిన రెండు చిన్న ఫ్యాన్లే మూడు డిగ్రీల దాకా దించాయి. దానికి మూల్యం రోజుకు ఎనిమిది లీటర్ల ఆవిరి. ఆవిరైన నీటిని దానంతటదే నింపే ఆటో టాప్ ఆఫ్ డబ్బా ఇరవై లీటర్లది పెట్టించాం. జూన్‌లో వాన మొదలై గాలిలో తేమ పెరిగితే ఆ ఫ్యాన్లు ఒక్క డిగ్రీ కూడా దించలేవు. అప్పటికి ఎండలు తగ్గుతాయి గనక నడిచిపోయింది. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం కొనమని కొడుక్కి చెప్పాను. ఇంకా కొనలేదు.

జూలై 27 వేరే సంగతి. ఆ రోజుల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. హన్మకొండలో నయీంనగర్ నాలా పొంగింది. మా ఇంటి ముందు మోకాలి లోతు నీళ్లు, నేను కదల్లేను. సార్ వాళ్ల ఇల్లు ఎత్తులో ఉంది గానీ కరెంటు లేదు. తర్వాత నోటుబుక్కు తెరిచి చూస్తే ఇలా ఉంది (అందులో రిటర్న్ పంపు అంటే సంప్ నుంచి నీటిని తొట్టిలోకి ఎక్కించేది, స్కిమ్మర్ అంటే నురుగుతో మురికిని తీసేది):

"01.50 కరెంటు బంద్. ఇన్వర్టర్ మీద ఎడమ వేవ్‌మేకర్ ఒక్కటే. ఇంట్ల ఫ్యాన్లు, లైట్లు, టీవీ బంద్. 02.10 వేవ్‌మేకర్ మూతి పైకి తిప్పిన, నీళ్లు కదులుతున్నయి. సంప్ మట్టం నార్మల్. బ్యాటరీ గాలి పంపు ఆన్. 06.00 టెంపరేచర్ 25.8. చేపలు 6. 12.00 మేత ఎయ్యలేదు. 25.4. 18.00 మూలకు మురికి వచ్చింది, తీసిన. 21.30 కరెంటు వచ్చింది. రిటర్న్ పంపు ముందు, స్కిమ్మర్ పది నిమిషాలు ఆగి. చేపలు 6."

పంతొమ్మిది గంటల నలభై నిమిషాలు. మర్నాడు అమ్మోనియా సున్నా. కరెంటు పోయినప్పుడు ముందు అయిపోయేది ఆక్సిజన్, అది నీటి పైపొర కదిలితేనే లోపలికి వస్తుంది. అందుకే పంపు మూతి పైకి తిప్పమని వేసవిలోనే చెప్పి ఉంచాను. 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ మీద పాతిక వాట్ల పంపు ఒక్కటే నడిస్తే రోజు దాటుతుంది, ఇంట్లో ఫ్యాన్లు ఆపగలిగితే. వాళ్లు ఆపారు. ఏడు సెంటీమీటర్ల కుళ్లిన ఇసుక ఇంకా అడుగున ఉంటే, ఉన్న ఆక్సిజన్‌లో పెద్ద వాటా అదే తినేసేది. ఆ రాత్రి లెక్క వేరుగా ఉండేదనుకుంటాను.

ఇప్పుడు రోజువారీ పని ఇలా సాగుతోంది. బుధవారం, ఆదివారం సార్ అరవై మిల్లీలీటర్ల సిరంజికి గొట్టం తగిలించి రాళ్ల సందుల్లోకి నాలుగైదు సార్లు ఊదుతారు. పావుగంట ఆగుతారు. ఈలోపు మురికి తిరిగి తిరిగి ఎడమ మూలకు చేరుతుంది. సన్నటి గొట్టంతో అక్కడి నుంచి ఐదు లీటర్లు లాగేస్తారు. బకెట్ అడుగున పేరుకునేది ఒకటి రెండు చెంచాల గోధుమ రంగు మురికి, అంతే. ఒకప్పుడు ఆ రెండు చెంచాలే వారం వారం ఇసుకలోకి దిగేవి. ఫిల్టర్ సాక్ మూడు రోజులకు ఒకటి మారుస్తారు. వారం వదిలేస్తే దానిలోనే కుళ్లి నైట్రేట్ అవుతుంది, ఇక ఇసుక తీసి లాభమేముంది? మురికి సాకులను వాషింగ్ మెషీన్‌లో వేస్తామంటే అమ్మగారు ఒప్పుకోలేదు. బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి, బాగా కడిగి, డాబా మీద రెండు రోజులు ఎండబెడుతున్నారు. నెలకు రెండుసార్లు నలభై ఐదు లీటర్ల నీటి మార్పిడి. మేత పూటకు చిటికెడు, రెండు పూటలు. మూడోది ఎప్పుడైనా పడుతోందేమో నేను అడగను, నైట్రేట్ అంకె చెప్పేస్తుంది.

డిసెంబరు మూడో వారం రీడింగులు: నైట్రేట్ 8, ఫాస్ఫేట్ 0.07, ఆల్కలినిటీ 8.4, కాల్షియం 420, మెగ్నీషియం 1320, ఉప్పు 35. అడుగు గాజు మీద గులాబీ రంగు కోరలైన్ (సున్నపు పొరలా పెరిగే నాచు) చుక్కలు ముందు అద్దం పక్కన మొదలయ్యాయి. జోయాంథిడ్లు ఎడమ దీవి మొత్తం ఎక్కేశాయి, కొన్ని గాజు మీదికి కూడా దిగుతున్నాయి. వాటిని ఇప్పటి నుంచే బ్లేడుతో ఆపాలి.

ఒక్క చోటు ఇంకా మాట వినడం లేదు. కుడి దీవి వెనక కాలు దగ్గర, మష్రూమ్‌ల కింద, అరచేతిలో సగమంత జాగా. అక్కడ పలుకులు వచ్చి ఆగిపోతున్నాయి. ఫ్లో పెంచితే మష్రూమ్‌లు ముడుచుకుంటాయి, తగ్గిస్తే మురికి నిలుస్తుంది. సార్ తన బొమ్మ మీద ఆ గుర్తు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. సంక్రాంతి తర్వాత వెళ్లినప్పుడు ఆ కాలు ఒక్కటి రెండు వేళ్లు ముందుకు జరిపి చూడాలి.